యువజన సేవాశిబిరము - పసిబిడ్డల ప్రాణరక్షణ

గ్రామములో ఒక బిడ్డకు జబ్బుచేసినప్పుడు మొట్టమొదట చూచువారు ఇంటివారే. వ్యాధి ముదురకముందే దానిని గుర్తించి, ఇంటిలో చేయదగిన పనిని వెంటనే చేయగలిగినచో అనేక ప్రాణములు నిలుచును. ఈ తెలివిడిని ఇంటింటికి అందించుటకు పెద్ద పట్టములు అక్కరలేదు. ఓర్పు, శ్రద్ధ, తెలిసిన మాటను తేటగా చెప్పు నేర్పు కావలెను. అందుచేతనే ప్రజారోగ్య కార్యములో చదువుకొను యువతీయువకులకు ఒక ముఖ్యమైన స్థానమున్నది.

జాతీయ సేవాపథకము

మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి. కె. ఆర్. వి. రావు 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకమును ప్రారంభించిరి. తొలియేట ఇందు చేరినవారు 40,000 మంది. తరువాత ఇంటర్మీడియట్ విద్యార్థులకు కూడ ఇది విస్తరించినది. “నేను కాదు, మీరు” అనునది దీని ధ్యేయవాక్యము. ఇందు చేరిన విద్యార్థి సంవత్సరమునకు 120 గంటల చొప్పున రెండు సంవత్సరములు సేవ చేయవలెను. ఇదిగాక, కళాశాల దత్తత తీసికొన్న గ్రామములో ఏడు దినములు శిబిరముండి పనిచేయవలెను.

శిబిరములో తొలి పాఠము

ఇట్టి శిబిరమునకు మొదటిసారి వచ్చిన పదునేడేండ్ల బాలికకు ఇంటింటికి పోయి అతిసారమును గూర్చి చెప్పు పనిని అప్పగించిరనుకొందము. కళాశాలలో నేర్చిన మాటలన్నియు ఆమెకు కంఠస్థములే. కాని మొదటి ఇంటిలోనే ఒక వృద్ధురాలు, “బేదులవుతున్న బిడ్డకు నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి కదమ్మా?” అని అడుగును. ఈ ప్రశ్నను తోసివేయరాదు. అనేక గృహములలో బిడ్డలకు నీరు మాన్పించుటకు ఈ భయమే కారణము.

“అవ్వా, చిల్లిపడ్డ కుండలో నీళ్లు పోయడం మానితే చిల్లి పూడుతుందా? కుండ ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది కదా!” అని బాలిక చెప్పినచో ఆ వృద్ధురాలికి విషయము బోధపడును. అతిసారములో బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చునది ముఖ్యముగా దేహములోని నీరును, లవణములును తరగిపోవుటయే. చిన్నబిడ్డ దేహములో నిలువ తక్కువగుటచేత ఈ నష్టము కొన్ని గంటలలోనే అపాయకరము కావచ్చును.

ఉప్పు, చక్కెర చేయు మేలు

అతిసారము పట్టినను ప్రేవులు గ్లూకోజును పీల్చుకొను శక్తిని సామాన్యముగా కోల్పోవు. గ్లూకోజు లోనికి పోవునప్పుడు ఉప్పును వెంటగొనిపోవును. ఉప్పు వెంట నీరు పోవును. ఓ. ఆర్. ఎస్. ద్రావణము పనిచేయు తీరు ఇదియే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలాది కాందిశీకులు పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. బనగాఁవ్ శిబిరములో కలరా చెలరేగెను. సిరలలోనికి ఎక్కించు ద్రవము చాలక, డాక్టరు దిలీప్ మహాలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి రోగులకు త్రాగించిరి. దానిని కప్పులతో పోసినవారు చాలవరకు రోగుల బంధువులే. అంతకుముందు నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు నాలుగుకు లోపుగా తగ్గెను. వైద్యశిక్షణ లేనివారి చేతులు సరియైన పద్ధతిని తెలిసికొన్నచో ఎంతటి మేలు చేయగలవో దీనివలన స్పష్టమగుచున్నది.

కొలతలో మెలకువ

పొట్లమును పంచిపెట్టినంతమాత్రాన పని తీరదు. ఒక పొట్లమునంతటిని ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలుపవలెను. గ్లాసెడు నీటిలో కలిపినచో ద్రావణము చిక్కనై కీడు చేయును. నీరు హెచ్చినచో గుణము తగ్గును. అయితే, “మా ఇంట్లో లీటరు కొలత ఎక్కడిది?” అని తల్లి అడుగును. అప్పుడు శిబిరవిద్యార్థి తనవద్దనున్న లీటరు సీసాతో నీరు కొలిచి, ఆ ఇంటి తపేలాలోనే పోసి, నీరు ఎంతవరకు వచ్చినదో అక్కడ గీత గీయించవలెను. తరువాత తల్లిచేతనే ఒకసారి కలిపించి చూడవలెను. చెప్పినది విన్నవారు మరచిపోవచ్చును. తమచేతితో చేసినవారు అంత సులభముగా మరువరు.

రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దబిడ్డకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా త్రాగించవలెను. వాంతి అయినచో పది నిమిషములు ఆగి, మరింత మెల్లగా ఇయ్యవలెను. కలిపిన ద్రావణమును 24 గంటలు దాటినపిమ్మట పారబోయవలెను. దీనితోబాటు ఆరునెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకును 14 దినములు ఇయ్యవలెను. విరేచనములు ముందే ఆగినను మానరాదు. తల్లిపాలను ఎట్టి పరిస్థితిలోను మాన్పరాదు.

ఇక్కడ విద్యార్థి నేర్వవలసినదియు ఉన్నది. ఉప్పువేసిన గంజి, పలుచని మజ్జిగ గ్రామములలో అనాదిగా ఉన్నవే. ఆరునెలలు దాటిన బిడ్డకు ఇవి మేలైనవి. వృద్ధులకు తెలిసిన మంచిని మెచ్చుకొని చెప్పిన సలహా త్వరగా నాటుకొనును.

హద్దు తెలియుట

సేవకుడు వైద్యుడు కాడు. బిడ్డ మగతగా పడియున్నను, త్రాగలేకపోయినను, కన్నులు లోతుకుపోయినను, పొట్టపై చర్మమును పట్టి విడిచిన తరువాత ముడత మెల్లగా పోవుచున్నను, మలములో రక్తము కనిపించినను క్షణమాలస్యము చేయక ఆశా కార్యకర్తకు తెలిపి ఆసుపత్రికి చేర్చవలెను. త్రాగగలిగిన బిడ్డకు దారిపొడవునను ద్రావణమును త్రాగించుచుండవలెను. తనకు తెలియని మందు పేరును చెప్పకుండుట సేవకుని మొదటి ధర్మము.

సేవ వలన సేవకునకు కలుగు లాభము

ఏడు దినములలో ఒక గ్రామము మారిపోదు. కాని గీత గీసిన తపేలా ఆ ఇంట నిలుచును. దాని ఉపయోగము తెలిసిన తల్లి పొరుగింటికి చెప్పును. యువకునకు కలుగు లాభమును అల్పము కాదు. తనకంటె పెద్దవారితో వినయముగా మాటలాడుట, ప్రశ్నకు కోపగించుకొనకుండుట, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట అతనికి అలవడును.

తల్లిదండ్రులు తమ పిల్లలను ఇట్టి శిబిరములకు సంతోషముతో పంపవలెను. గ్రామపెద్దలు వారికి ఆదరము చూపవలెను. శిబిరము ముగిసిన పిమ్మట ప్రతి విద్యార్థియు తన ఇంటిలో, తన వీధిలో, సబ్బుతో చేతులు కడుగుకొనుట, త్రాగునీటిని మూతపెట్టి ఉంచుట, అతిసారము కనిపించిన వెంటనే ద్రావణమును మొదలుపెట్టుట అను మూడు పనులను నలుగురికి నేర్పినచో, ఆ ఏడు దినముల శ్రమ సార్థకమగును.