అక్వేరియంలో బుడగలు ఎందుకు?

చేపలకు ఆక్సిజన్ అందించేది బుడగలే అనుకుంటాం. నిజానికి ఆక్సిజన్ ఎక్కువగా నీటి పైభాగం నుంచే కరుగుతుంది. పైకి లేచే బుడగలు అడుగునున్న నీటిని వెంట తీసుకొస్తాయి, పై నీటిని కదిలిస్తాయి. దాంతో గాలి సోకిన నీరు కిందికి వెళ్తుంది. వేసవిలో ఇది మరీ అవసరం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది.

నీరు కదలని మూలల్లో మిగిలిన మేత, చేపల మలం పేరుకుంటాయి. అవి కుళ్లితే చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. నీరు తిరుగుతూ స్పాంజి దాకా వెళ్తేనే ఈ పని సాగుతుంది.

మరి నీరు బాగా తిరగాలంటే ఎలా? నీటిలోని నలుసులు ఏ మూల ఆగిపోతున్నాయో చూడండి. ఫిల్టర్ గొట్టాన్ని అటు తిప్పండి. అడ్డొచ్చే రాళ్లు జరపండి. ఫైటర్ చేప ఉంటే మాత్రం ప్రవాహం తగ్గించండి. పొడవాటి రెక్కలతో అది జోరు నీటిలో ఈదలేదు.

స్పాంజిని కుళాయి నీటితో కడగొద్దు. అందులోని క్లోరిన్ మేలుచేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు పెద్దవాళ్లతో ప్లగ్ తీయించడం మరవకండి!