పాలు కక్కే డబ్బాపాల బిడ్డ

పాలు తాగిన కాసేపటికి, ఏ ప్రయాసా లేకుండా, బిడ్డ పెదవి చివరి నుంచి కొన్ని పాలు జారిపోతే దాన్ని పాలు కక్కడం అంటారు. వాంతి వేరు. వాంతిలో పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, బిడ్డ ముఖం మారిపోతుంది, పాలు ఊపుతో బయటికొస్తాయి. కక్కిన బిడ్డ మాత్రం మరుక్షణమే కాళ్లాడిస్తూ ఆడుకుంటుంది. ఈ తేడా తెలిస్తే ఇంట్లోవాళ్ల భయం సగం తగ్గుతుంది.

అన్నవాహిక పొట్టలోకి దిగేచోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, ఆ తర్వాత మూసుకుని ఉండటం దాని పని. పసిబిడ్డలో అది ఇంకా కుదురుకోదు, మింగకపోయినా మధ్యమధ్యలో సడలుతుంది. పొట్ట చిన్నది, లోపలికి పోయేదంతా ద్రవమే, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. అందుకే మూడు నెలల లోపు బిడ్డల్లో దాదాపు సగం మంది రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. నాలుగో నెలలో ఇది బాగా ఎక్కువగా ఉంటుంది. బిడ్డ కూర్చోవడం, గట్టి ఆహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ వచ్చి, ఏడాది నిండేసరికి ఏ కొద్దిమందిలోనో మిగులుతుంది. డబ్బాపాలు తల్లిపాల కంటే నెమ్మదిగా పొట్ట నుంచి కిందికి దిగుతాయి కాబట్టి తాగిన చాలాసేపటికి కూడా పైకి రావచ్చు. పెరుగు తరకల్లా కనిపించినంత మాత్రాన పాలు చెడిపోయాయని కాదు. పొట్టలోని ఆమ్లం తగిలి పాలు విరగడం సహజం.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, బిట్రగుంట రైల్వే వీధుల్లోనైనా, జువ్వలదిన్నె తీరంలోని మత్స్యకారుల ఇళ్లలోనైనా, బిడ్డను డబ్బాపాల మీద పెంచడానికి కారణాలు అన్ని ఊళ్లలో ఉండేవే: తల్లికి జబ్బు చేయడం, పాలు చాలకపోవడం, పనికి వెళ్లక తప్పకపోవడం, ఒక్కోసారి తల్లే లేకపోవడం. 1992లో వచ్చిన చట్టం ప్రకారం పాలపొడి కంపెనీలు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లిపాలే మేలని డబ్బా మీద రాయాలి. ఆ మాట నిజం. కానీ డబ్బాపాలు తప్పనిసరైన తల్లిని నిందించడానికి ఆ చట్టం రాలేదు. బిడ్డ కక్కినప్పుడల్లా "నీ పాలివ్వకపోబట్టే" అని ఆమెను పొడవడం అన్యాయం. తల్లిపాలు తాగే బిడ్డలూ కక్కుతారు.

ఇక చూడాల్సింది బిడ్డ ఎంత కక్కింది అన్నది కాదు, బరువు ఎంత పెరిగింది అన్నది. బట్ట మీద పడిన పాలు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. అనుమానమున్నవాళ్లు ఒక చెంచాడు పాలు తువాలు మీద ఒలకబోసి చూడవచ్చు. అరచేయంత మరక కనిపించినా అది ఐదు మిల్లీలీటర్లే. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో బరువు తూచి తల్లీబిడ్డల కార్డులో చుక్క పెట్టించుకోవచ్చు. ఆరు, పది, పధ్నాలుగు వారాల టీకాలకు వెళ్లినప్పుడు కూడా అడిగి తూయించాలి. కార్డులోని గీత పైకి వెళుతూ, రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బిడ్డ హుషారుగా ఉంటే ఆ ఇంట్లో ఉన్నది ఉతుకుడు బట్టల సమస్యే, జబ్బు కాదు.

కక్కడం ఎక్కువగా ఉంటే ముందు అడగాల్సింది ఎన్ని పాలు పడుతున్నారని. డబ్బాపాలు మాత్రమే తాగే బిడ్డకు రోజంతటికీ కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్లు చాలు. నాలుగు కిలోల బిడ్డకు 600 మిల్లీలీటర్లు, ఎనిమిది విడతలుగా ఇస్తే విడతకు 75. అదే బిడ్డకు 120 కలిపి, సీసా ఖాళీ అయ్యేదాకా బతిమాలి పట్టించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎక్కువైనదే పైకి వస్తోంది. ఏడ్చిన ప్రతిసారీ సీసా నోట్లో పెట్టకూడదు. నిద్ర, ఉక్క, తడిసిన గుడ్డ, ఎత్తుకోమనే కోరిక, అన్నీ ఏడుపుగానే బయటపడతాయి. బిడ్డ తల పక్కకు తిప్పేసిందంటే చాలని అర్థం.

రెండోది కలిపే తీరు. మన దగ్గర దొరికే చాలా డబ్బాల్లో 30 మిల్లీలీటర్ల నీటికి ఒక కొలత చెంచా లెక్క. అయినా ఆ డబ్బా మీది లెక్కే పాటించాలి. ముందు నీళ్లు పోసి, ఆ తర్వాత చెంచా అంచుకు సమంగా గీసిన పొడి వేయాలి. బలం కోసమని ఒక చెంచా ఎక్కువ వేస్తే బిడ్డకు మలబద్ధకం, దాహం. ఆ దాహపు ఏడుపును ఆకలనుకుని మళ్లీ పాలు పడతారు, మళ్లీ కక్కుతుంది. పొదుపు కోసం పలచన చేస్తే బరువు పెరగదు. గట్టిగా గిలకొడితే నురుగు వస్తుంది, ఆ నురుగులోని గాలంతా పొట్టలోకే పోతుంది. మెల్లగా తిప్పి కలిపి, నురుగు అణిగాక పట్టాలి.

నీళ్ల విషయంలో రాజీ పనికిరాదు. తీరగ్రామాల్లో ఉప్పగా ఉన్న బోరు నీరు పాలపొడికి వాడకూడదు, ఎంత కాచినా అందులోని ఉప్పు పోదు. క్యాన్ నీళ్లయినా మరగకాచాల్సిందే. పాలపొడి క్రిమిరహితం కాదు. అందుకే కాచిన నీళ్లు బాగా వేడిగా, 70 డిగ్రీలకు తగ్గక ముందే, అంటే దించిన అరగంట లోపే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. తర్వాత సీసాను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి, నోరు పెట్టి వదిలేసినవి అంతసేపు కూడా ఉంచకూడదు. నెల్లూరు ఎండల్లో ఈ నియమం మరీ ముఖ్యం. ప్రయాణంలో కలిపిన పాలు కాకుండా, ఫ్లాస్కులో వేడినీళ్లు, పొడి విడిగా తీసుకెళ్లాలి.

పట్టేటప్పుడు బిడ్డ తల పొట్ట కంటే ఎత్తులో ఉండాలి. సీసా పాలపీకలో పాలు నిండి ఉండేలా వంచితే గాలి మింగడం తగ్గుతుంది. సీసా తలకిందులు చేస్తే పాలు చుక్కచుక్కగా పడాలి. ధార కట్టిందంటే రంధ్రం పెద్దదన్నమాట. త్వరగా తాగుతుందని కాల్చిన సూదితో పీకను పొడిచే అలవాటు కక్కడానికి దారి తీస్తుంది. సీసాను దిండుకు ఆనించి వెళ్లిపోవడం ప్రమాదం. కుదిరితే ఉగ్గుగిన్నె గానీ చిన్న గిన్నె, చెంచా గానీ సీసా కంటే నయం, కడగడం తేలిక. మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి భుజాన వేసుకుని వీపు నిమిరితే తేన్పు వస్తుంది. ఆ తర్వాత ఇరవై ముప్పై నిమిషాలు నిటారుగా ఎత్తుకోవాలి. నూనె మర్దనా, కాళ్ల మీద వేసి పోసే స్నానం పాలకు ముందే అయిపోవాలి. మొలతాడు, డైపర్ బిగుతుగా ఉంటే పొట్ట నొక్కుకుంటుంది. తాగీ తాగగానే చీర ఉయ్యాలలో వేస్తే నడుము దగ్గర ఒంగి అదే జరుగుతుంది.

నిద్రకు మాత్రం చదునైన పక్క మీద వెల్లకిలే పడుకోబెట్టాలి. కక్కి ఊపిరాడదేమోనని బోర్లా వేయడం తప్పు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్నవాహికకు పైన ఉంటుంది. పైకొచ్చిన పాలు అందులోకి వెళ్లాలంటే ఎదురెక్కాలి. బోర్లా ఉంటే ఆ రక్షణ ఉండదు, నిద్రలో హఠాత్తుగా చనిపోయే ముప్పూ పెరుగుతుంది. తల కింద దిండు వద్దు.

వస అరగదీసి పోయడం, వాము నీళ్లు, గ్రైప్ వాటర్, తేనె నాకించడం ప్రేమతో చేసేవే అయినా కక్కడాన్ని ఆపవు. వసే వాంతులు తెప్పించవచ్చు. ఏడాది లోపు తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలల లోపు సీసాలో బియ్యప్పిండి, బిస్కెట్ కలపడం డాక్టరు చెప్పకుండా చేయకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చే డోంపెరిడాన్ చుక్కలు అంతకంటే హాని. గుండె లయ మీద దాని ప్రభావం చూసి ఐరోపా ఔషధ సంస్థ 2014లోనే దాని వాడకానికి హద్దులు పెట్టింది. హాయిగా పెరుగుతున్న బిడ్డకు కక్కుతోందని ఆమ్లం తగ్గించే మందులు ఇవ్వవద్దని అమెరికా, ఐరోపా శిశు జీర్ణకోశ నిపుణులు 2018లో కలిసి చెప్పారు.

వారానికో కొత్త డబ్బా మార్చడం కూడా డబ్బు దండగే. ఒక్క సందర్భంలో మాత్రం మార్పు పని చేస్తుంది. విరేచనంలో రక్తపు చారలు, ఒంటి మీద గజ్జి లాంటి దద్దుర్లు, పాలు పట్టినప్పుడల్లా విరుచుకుపడి ఏడవడం ఉంటే ఆవుపాల మాంసకృత్తులు పడకపోవడం కావచ్చు. అప్పుడు డాక్టరు ఆ మాంసకృత్తులను బాగా విడగొట్టిన ప్రత్యేక పాలపొడి రెండు నుంచి నాలుగు వారాలు ఇచ్చి చూస్తారు. మేకపాలు, గేదెపాలు దానికి మందు కాదు, వాటిలోనూ ఇంచుమించు అవే మాంసకృత్తులు ఉంటాయి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంట్లో ఆగకూడదు. ఆకుపచ్చ వాంతి పేగు మెలిపడిందనడానికి గుర్తు కావచ్చు, అక్కడ గంటలు లెక్క. మూడు నుంచి ఆరు వారాల వయసులో, ముఖ్యంగా మగబిడ్డ, ప్రతి విడత తర్వాత దూరంగా చిమ్మేలా వాంతి చేసుకుని మళ్లీ ఆకలిగా పాలకు ఎగబడుతుంటే పొట్ట చివరి ద్వారం మూసుకుపోతుండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో అది పూర్తిగా నయమవుతుంది. వాంతిలో రక్తం, పొట్ట ఉబ్బడం, జ్వరం, మాడు ఉబ్బడం, మత్తుగా పడి ఉండటం, దగ్గి నీలమవడం, మూత్రం తగ్గడం, బరువు ఆగిపోవడం, ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలవడం కూడా అలాంటివే. బోగోలు వైపు వాళ్లకు దగ్గర్లో కావలి ఏరియా ఆసుపత్రి, పెద్ద వైద్యానికి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి, 108కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. ఆకుపచ్చ వాంతి అయిన బిడ్డకు దారిలో పాలు పట్టకుండా, వాంతి అంటిన గుడ్డ, పాలడబ్బా, బరువు కార్డు వెంట తీసుకెళితే డాక్టరుకు సగం కథ వాటిలోనే దొరుకుతుంది.