హోరులోంచి గొంతును విడదీసే లెక్క

కైకలూరు దగ్గర చేపల చెరువు గట్టు మీద రైతుతో మాట్లాడించి వీడియో తీస్తే, అందులో ముందు వినిపించేది ఏరియేటర్లే. మోటారు రొద ఒకటి, తెడ్లు నీళ్ళను కొట్టే హోరు ఒకటి. మేత ఖర్చు గురించి ఆయన చెప్పే మాట ఆ రెండింటి కిందా నలిగిపోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే నాయిస్ రిడక్షన్‌ను బాగా పెంచితే హోరు తగ్గుతుంది కానీ, మాట చుట్టూ సన్నటి కిలకిలలు పుట్టుకొస్తాయి. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు అది విని, "చప్పుడు తీసెయ్యమంటే కొత్త చప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. లోపలే ఉండే ఎఫెక్టు ఎక్కడిదాకా చాలుతుందో, విడిగా కొనే ప్లగిన్ ఎక్కడ అవసరమవుతుందో దీనికి జవాబు వెతికితే తెలుస్తుంది.

రొద సంగతి తేలిక. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి దాని నుంచి పుట్టే గుయ్యిమనే శబ్దం 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటుంది. ఆ చోట్ల మాత్రమే సన్నగా కోస్తే పోతుంది. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న డీహమ్మర్ ఎఫెక్టు చేసేది ఇదే. ఇంతమాత్రానికి డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు.

నీళ్ళ హోరు అలాంటిది కాదు. అది అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని, గొంతు ఉన్నచోటే తానూ ఉంటుంది. దాన్ని పట్టడానికి ముందు శబ్దాన్ని ముక్కలు చేస్తారు. వీడియో ఆడియోలో సెకనుకు 48,000 నమూనాలు ఉంటాయి. 2,048 నమూనాలను ఒక ముక్కగా తీసుకుంటే అది సుమారు 43 మిల్లీసెకన్లు. ఫోరియర్ గణితం ఆ ముక్కను 1,025 గడులుగా విడగొడుతుంది; గడికీ గడికీ సుమారు 23 హెర్ట్జ్ ఎడం. రైతు మాట్లాడకుండా ఉన్న రెండు సెకన్లలో ఒక్కో గడిలో హోరు సగటున ఎంతుందో కొలిచి, మాట ఉన్నచోట అంత తీసేస్తారు. హెలికాప్టర్ హోరులో మాటను తేటపరచాలని స్టీవెన్ బోల్ 1979లో ప్రకటించిన పద్ధతి ఇది.

కిలకిలలు పుట్టేది ఈ తీసివేతలోనే. మనం తీసేసింది సగటును. హోరేమో ప్రతి ముక్కలోనూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. సగటు కంటే పైకి లేచిన గడి తీసివేత తర్వాత ఒంటరిగా మిగిలిపోతుంది. చుట్టూ నిశ్శబ్దం, మధ్యలో ఒక్క గడి, కొన్ని మిల్లీసెకన్ల పాటు: చెవికి అదొక చిన్న స్వరం. సెకనుకు అలాంటివి వందలు మిగిలితే నీటిబుడగలు చిట్లినట్టుంటుంది. ఇంజనీర్లు దీన్ని మ్యూజికల్ నాయిస్ అంటారు.

1984లో ఎఫ్రాయిమ్, మలా అనే ఇద్దరు చూపిన విరుగుడంటే నాకు ప్రాణం. ఒక గడిలో మాట ఉందా లేదా అని తేల్చేటప్పుడు వాళ్ళు ఆ ముక్క ఒక్కదాన్నే నమ్మలేదు. అంతకుముందు ముక్కలో శుభ్రం చేయగా వచ్చిన ఫలితానికి 98 శాతం విలువ, ఇప్పుడు కనిపిస్తున్నదానికి 2 శాతం విలువ ఇచ్చారు. రాత్రి వీధిలో ఒక్క అరుపు వినిపిస్తే పక్క మీద నుంచి లేవం. అది ఆగకుండా వస్తుంటే తలుపు తీస్తాం. ఇదీ అంతే. అప్పుడే లేచి అప్పుడే పడిపోయే గడిని లెక్క పట్టించుకోదు. 'ఆ', 'ఓ' లాంటి అచ్చులు వరసగా చాలా ముక్కల్లో నిలుస్తాయి కాబట్టి వాటి జోలికి పోదు. దీనికీ ఒక మూల్యం ఉంది: 'ట', 'ప' లాంటి అకస్మాత్తు ధ్వనుల అంచు కొంచెం మొద్దుబారుతుంది. ఈ లెక్కతో కిలకిలలు ఎందుకు మాయమవుతాయో ఒలివియే కాపే 1994లో విడమరిచి చూపాడు.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్టీ ప్రమాణం తేవడంతో ఒకరి సాఫ్ట్‌వేర్‌లోకి మరొకరి ఎఫెక్టును చేర్చే దారి సుగమమైంది. 2007లో ఐజోటోప్ కంపెనీ నుంచి శబ్దాన్ని శుభ్రం చేసే ఆర్‌ఎక్స్ వచ్చింది. అందులో శబ్దం బొమ్మగా కనిపిస్తుంది. మాట మీద పడిన హారన్ మోతను ఎంచుకుని దాన్ని మాత్రమే మాన్పవచ్చు. 2016లో బ్లాక్‌మ్యాజిక్ ఫెయిర్‌లైట్ అనే ఆడియో కంపెనీని కొని, 2017లో దాని పనితనాన్ని తన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో కలిపింది. 2022లో గొంతును వేరుచేసే న్యూరల్ ఎఫెక్టును జోడించింది. ప్లగిన్‌లో ఉన్న పనితనం క్రమంగా లోపలికే వస్తోంది.

అందుకే ఏలూరులో పెళ్ళి వీడియోలు చేసే కుర్రాళ్ళకు ముందు లోపలున్నదే వాడమంటాను. కదలని రొదకు అది చాలు. గొంతూ హోరూ ఒకే గడిలో కలిసిపోయినప్పుడు, ఏది ఎంత తీయాలో మీ చేత్తో నిర్ణయించుకోవలసి వచ్చినప్పుడు ప్లగిన్‌కు పెట్టిన డబ్బు దండగ కాదు. అయితే ఆటపాక పక్షుల కేంద్రంలో తీసిన వీడియోలో గూడబాతు రెక్కల చప్పుడు కూడా గణితానికి హోరులాగే కనిపిస్తుంది. గొంతును కాపాడడానికి తయారైన పరికరం దాన్ని చెరిపేయడానికి వెనకాడదు. ఆ చప్పుడు మీకు కావాలో వద్దో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

ఏ పరికరం వాడినా ఒక పరీక్ష తప్పనిసరి. ఆడాసిటీలో 'రెసిడ్యూ', ఆర్‌ఎక్స్‌లో 'అవుట్‌పుట్ నాయిస్ ఓన్లీ' అనే మీట ఉంటుంది. నొక్కితే మిగిలింది కాక, తీసేసింది వినిపిస్తుంది. అందులో నీళ్ళ హోరు ఒక్కటే ఉంటే మీ పని సరిగ్గా ఉన్నట్టు. రైతు మాటలో ఒక్క అక్షరం వినిపించినా, అది వినిపించడం మానేదాకా ఎఫెక్టును తగ్గించండి.