దామగుండం తరంగాలు: ధ్వనికీ వికిరణానికీ గల భేదం

తరంగాన్ని అరబీలో 'మౌజ్' అంటారు, ఉర్దూలో 'లహర్' అంటారు. ఈ మాటలు అనువాదకుణ్ణి ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది పెట్టేది 'రేడియేషన్' అనే మాట. తెలుగు పాఠ్యపుస్తకాలు దానిని 'వికిరణం' అంటాయి. కొన్ని మూలకాల పరమాణువులు వాటంతట అవే విచ్ఛిన్నమయ్యే గుణానికి 'రేడియోధార్మికత' అనే వేరే మాట ఉంది. ఉర్దూలో తరచు రెంటికీ 'తాబ్‌కారీ' అనే వాడుతుంటారు. మాట ఒకటి కావడంతో భయం కూడా ఒకటై కూర్చుంటుంది.

వికారాబాద్ జిల్లాలో ఈ భయం నిజంగానే తలెత్తింది. పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళం నిర్మించే కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దానికై కేటాయించిన అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలు. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990లో ప్రారంభమైన ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ తరువాత దేశంలో ఇటువంటి కేంద్రం ఇది రెండవది. చెట్లు పోతాయని, మూసీ పుట్టే ప్రాంతం దెబ్బతింటుందని, రేడియేషన్ వల్ల జబ్బులు వస్తాయని అభ్యంతరాలు వినిపించాయి. ఈ మూడవ అభ్యంతరాన్ని తూచాలంటే తరంగం సంగతి మొదటి నుంచి తెలుసుకోవాలి.

కదిలేది ఏది?

కోట్‌పల్లి ప్రాజెక్టు నీటిలో ఒక రాయి వేయండి. అలలు వలయాలుగా ఒడ్డుకు వస్తాయి. నీటిపై తేలుతున్న ఆకు మాత్రం ఒడ్డుకు రాదు, ఉన్నచోటనే లేచి పడుతుంది. అంటే ప్రయాణం చేసింది నీరు కాదు, శక్తి. సెకనుకు ఎన్నిసార్లు ఆ ఆకు లేచి పడుతుందో అది పౌనఃపున్యం. ఒక అల శిఖరం నుంచి తరువాతి శిఖరానికి గల దూరం తరంగదైర్ఘ్యం. ఈ రెంటినీ గుణిస్తే తరంగవేగం వస్తుంది. ఈ చిన్న లెక్క అన్ని తరంగాలకూ వర్తిస్తుంది.

ధ్వనికి మోసేవాడు కావాలి

ధ్వని అంటే గాలిలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ముందుకు సాగే తరంగం. గాలిలో దాని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. మసీదుకు అంత దూరంలో పొలంలో ఉన్న మనిషి అజాన్‌ను ఒక సెకను ఆలస్యంగా వింటాడు. సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనాలను మానవుని చెవి గ్రహించగలదు.

తాండూరు వైపు సిమెంటు కోసం సున్నపురాయి తవ్వే గనిలో పేలుడు జరిగిందనుకుందాం. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి ముందుగా దుమ్ము లేవడం కనిపిస్తుంది. ఒక సెకనులోపే కాలి కింద నేల అదురుతుంది. ఆ తరువాతనే, దాదాపు ఆరవ సెకనుకు, చప్పుడు వినిపిస్తుంది. సంఘటన ఒక్కటే, వార్తాహరులు ముగ్గురు. రాతిలో కంపనం సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో పోతుంది, గాలిలో ధ్వని వెనుకబడుతుంది. కాంతికి మాత్రం ఆ దూరం సెకనులో లక్షవ వంతు కూడా పట్టదు.

కాంతికి యానకం అక్కరలేదు

గాలి గాని, నీరు గాని, రాయి గాని లేనిచోట ధ్వని లేదు. సూర్యకాంతి అయితే శూన్యాన్ని దాటి సుమారు 8 నిమిషాల 20 సెకన్లలో మనలను చేరుతుంది. ఎందుకంటే అది పదార్థపు కంపనం కాదు, విద్యుత్ క్షేత్రమూ అయస్కాంత క్షేత్రమూ ఒకదానినొకటి కల్పించుకుంటూ సాగే తరంగం. దాని వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. ఈ సంగతిని 1865లో మాక్స్‌వెల్ గణితంతో చూపగా, 1880ల చివరలో హెర్ట్జ్ ప్రయోగంతో రుజువు చేశాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ అటువంటి అదృశ్య తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించి చూపాడు.

రేడియో తరంగాలు, పొయ్యి నుంచి తగిలే వేడి, దీపపు వెలుగు, ఎక్స్ కిరణాలు అన్నీ ఒకే కుటుంబం. వాటి మధ్య భేదం పౌనఃపున్యంలోనే ఉంది. కావున 'ఇది రేడియేషనా?' అని అడగడం చాలదు. 'ఎంత పౌనఃపున్యం? ఎంత బలం?' అని అడగాలి.

దామగుండం తరంగం ఎటువంటిది?

పత్రికలు దీనిని రాడార్ కేంద్రమని రాశాయి. రాడార్ పని తరంగాన్ని పంపి, దాని ప్రతిధ్వని వంటి తిరుగు తరంగాన్ని పట్టడం. ఈ కేంద్రం పని సముద్రంలోని జలాంతర్గాములకు సందేశం పంపడం. దీని తరంగాలు అతి తక్కువ పౌనఃపున్యం గలవి, అనగా సెకనుకు 3,000 మొదలు 30,000 కంపనాల శ్రేణిలోనివి.

ఇవి ఇంచుమించు చెవికి వినిపించే ధ్వని సంఖ్యలే! అయినా ఈ తరంగాలు వినిపించవు, ఎందుకంటే ఇవి గాలిని కంపింపజేయవు. 15,000 కంపనాల ధ్వని తరంగం పొడవు గాలిలో రెండు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. అదే పౌనఃపున్యం గల విద్యుదయస్కాంత తరంగం పొడవు 20 కిలోమీటర్లు. వికారాబాద్, తాండూరుల మధ్య అటువంటివి రెండు కూడా సరిగా పట్టవు.

ఇంత పొడవైన తరంగం ఎందుకు? ఉప్పునీరు విద్యుత్ వాహకం గనుక రేడియో తరంగాలను మింగివేస్తుంది. ఎఫ్.ఎం. రేడియో తరంగం జానెడు లోతుకు పోయేసరికే క్షీణిస్తుంది. 15,000 కంపనాల తరంగం మాత్రం ప్రతి 2 మీటర్లకు దాదాపు మూడవ వంతుకు తగ్గుతూ, పది ఇరవై మీటర్ల లోతులో కూడా పట్టుకోగలిగినంత మిగులుతుంది. దివ్య ఖుర్‌ఆన్ సూరా నూర్ 40వ ఆయతులో లోతైన సముద్రపు చీకట్లు ఉపమానంగా వచ్చాయి. అది హితబోధ. దానిలో జలాంతర్గామి శాస్త్రాన్ని వెదకడం ఆయతుకు గాని శాస్త్రానికి గాని న్యాయం చేయదు.

భయానికి హద్దు

విద్యుదయస్కాంత శక్తి చిన్న చిన్న మోతాదులుగా వెలువడుతుంది. ఒక్కొక్క మోతాదు ఎంతదో పౌనఃపున్యమే నిర్ణయిస్తుంది. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే తీవ్రమైన అతినీలలోహిత కిరణాలో, ఎక్స్ కిరణాలో కావాలి. పైన చెప్పిన తరంగం మోతాదు మన కంటికి కనిపించే వెలుగు మోతాదుకన్నా మూడు వేల కోట్ల రెట్లకు పైగా చిన్నది. ఎన్ని మోతాదులు కూడినా అది ఎక్స్ కిరణం చేసే పని చేయలేదు.

అట్లని అసలు జాగ్రత్తే అక్కరలేదని కాదు. అధిక శక్తి గల ఏంటెనాకు అతి సమీపంలో విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. అక్కడి లోహపు వస్తువులను తాకితే షాకు తగలవచ్చు, కాలవచ్చు. శరీరంలో కలిగే విద్యుత్ ప్రవాహం నరాలను ప్రేరేపించవచ్చు. అందుకే మనుషులు ఎంత క్షేత్రబలం వరకు ఉండవచ్చునో అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దూరం పెరిగేకొద్దీ ఆ బలం తగ్గుతుంది, దానిని పరికరంతో కొలవవచ్చు. కంచె దగ్గరా, సమీప గ్రామాలలోనూ ఆ కొలతలు తీసి, ప్రజలకు తెలిసే భాషలో ప్రకటించాలని కోరడం న్యాయమైన కోరిక.

వెయ్యేళ్ళ క్రితం ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో, చూపు కంటి నుంచి బయలుదేరుతుందన్న పాత అభిప్రాయాన్ని తోసిపుచ్చాడు. వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని ప్రయోగాలతో నిరూపించాడు. పెద్దలు చెప్పినంత మాత్రాన ఆయన ఒప్పుకోలేదు. వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోవాలన్న ఆదేశం సూరా హుజురాత్ 6వ ఆయతులో మనకున్నది. తెలియక చేసిన పనికి తరువాత పశ్చాత్తాపపడవలసి రావచ్చునని కూడా అక్కడే హెచ్చరిక ఉంది.

దామగుండంలో నరికిన చెట్టు తిరిగి లేవదు. అడవికీ, మూసీ నీటికీ జరిగే నష్టం వికిరణంతో నిమిత్తం లేకుండానే లెక్కించవలసిన నష్టం. ఆధారం లేని జబ్బుల మాట ముందుకు వస్తే, దానిని ఖండించిన వారు మిగిలిన రెండు ప్రశ్నలను కూడా దానితోపాటే కొట్టివేయడం సులభమవుతుంది. చెట్ల సంగతి చెట్ల లెక్కతో, నీటి సంగతి నీటి లెక్కతో, తరంగాల సంగతి క్షేత్రబలం కొలతతో అడగాలి.