నల్లపట్టు కుట్టుపని

తెల్లని బట్టపై నల్లని పట్టుదారముతో చేయు కుట్టుపనికి ఇంగ్లండునందు బ్లాక్‌వర్క్ అని పేరు. పదునారవ శతాబ్దమున ఆ దేశపు రాణులును, ప్రభువులును, సంపన్న గృహస్థులును ధరించిన అంగీల కాలరులపైనను, చేతుల కఫ్ఫులపైనను ఈ పని విశేషముగా కానవచ్చును. మావారు పనిచేయు పాఠశాలలో బాలికలు ఎనిమిదవ హెన్రీ రాజు కాలపు కథను నాటకముగా ప్రదర్శింప నిశ్చయించిరి. జేన్ సీమూర్ రాణి వేషమునకు కఫ్ఫులు కుట్టు భారము మాపై బడినది. ఆ సందర్భమున మేము తెలిసికొనిన విషయములను, అనుసరించిన పద్ధతిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ముందుగా ఈ కుట్టు దుస్తులలో ఎచ్చట నుండునో యెరుగవలయును. ఆ కాలమున పట్టుతోను మఖ్మలుతోను కుట్టిన పైగౌనులను ఉదుకుట లేదు. దేహమునకు తగులునట్లు లోపల ధరించు అవిసెనార అంగీని మాత్రమే ఉదికెడివారు. ఆ అంగీ మెడయంచును, చేతికొనలును పైదుస్తులనుండి వెలికివచ్చి కనబడుచుండెను గనుక అలంకారమంతయు అచ్చటనే చేరినది. కావున నాటకమునకై కుట్టువారు అంగీ నంతటిని అలంకరింప నక్కరలేదు. రెండు కఫ్ఫులును ఒక కాలరును వేరుగా కుట్టి, పిమ్మట దుస్తునకు టాకా వేసికొనిన చాలును.

ఈ పనిని ఇంగ్లండునకు దెచ్చినది స్పెయినుదేశపు రాజపుత్రి కాథరిన్ అని చెప్పుకొందురు. ఆమె 1501లో ఇంగ్లండునకు వచ్చి, 1509లో హెన్రీకి మొదటి భార్య యయ్యెను. అందువలన దీనిని స్పెయిను పని యనియు వ్యవహరించిరి. ఐనను 1400లో మరణించిన చాసర్ కవి తన కాంటర్‌బరీ కథలలో ఒక వడ్రంగి యిల్లాలి అంగీ కాలరుపై నల్లపట్టు కుట్టును వర్ణించియున్నాడు. రాణి రాకకు నూరేండ్లకు ముందే నల్లపట్టు కుట్టు ఆ దేశపువారు ఎరిగినదే యని దీనివలన తెలియుచున్నది.

జర్మనుదేశపు చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ 1536-37 ప్రాంతమున జేన్ సీమూర్ రాణి చిత్రమును వ్రాసెను. అది యిప్పుడు వియన్నా నగరపు చిత్రశాలయందున్నది. ఆమె కఫ్ఫులపైని నల్లకుట్టును అతడెంత నిశితముగా చూచి వ్రాసెననగా, నేటివారు దానినిబట్టి గళ్లకాగితముపై నమూనా గీసికొనుచున్నారు. ఆ కుట్టునకు హోల్బైన్ కుట్టు అనియే పేరు నిలిచినది. తెచ్చిన కీర్తి రాణికి దక్కినది, పేరు చిత్రకారునికి దక్కినది. ఆ కఫ్ఫులను కుట్టిన చేతులెవరివో చెప్పువారు లేరు.

ఇక కుట్టు విధానము. నిలువుపోగులును అడ్డుపోగులును అంగుళమునకు సమసంఖ్యలో నుండు బట్టను ఎన్నుకొనవలయును. మేము అంగుళమునకు 28 పోగులున్న బట్టను దీసికొని, రెండేసి పోగులకొక కుట్టు చొప్పున కుట్టితిమి. అనగా అంగుళమునకు 14 కుట్లు. ఎనిమిదంగుళముల కఫ్ఫుపై ఒక్క తిన్నని గీతకు 112 కుట్లగును. పోవునపుడు రెండు పోగులు పైన, రెండు పోగులు క్రింద వచ్చునట్లు 56 కుట్లు వేసి, తిరిగి వచ్చునపుడు అదే రంధ్రములలో సూదిని దింపుచు నడుమ ఖాళీలను తక్కిన 56 కుట్లతో పూరింపవలయును. అట్లు చేసిన బట్టకు ఇరువైపుల ఒకే రూపము కనబడును. కఫ్ఫు అంచు మడతపడి లోవైపు బయటికి వచ్చునపుడును వికారముగా నుండదు.

సూదిమొన మొద్దుగా నుండవలయును. లేనిచో పోగు చీలును. దారము మూరెడుకంటె పొడవైనచో చిక్కుపడును. ముడి వేయరాదు, దారపు కొనను కొంత విడిచి, కడపట కుట్లలో దూర్చి దాచవలయును. కొమ్మ యెదురైనపుడు దాని కొనవరకు పోయి, తిరిగి వచ్చి, పిమ్మట ముందునకు సాగవలయును. ఖాళీ చోటున వెనుకనుండి నల్లదారమును లాగినచో తెల్లబట్టపై నీడవలె కనబడును. పని మొదలిడకముందే దారమును తడిపి తెల్లగుడ్డపై అద్ది, రంగు దిగునేమో చూచుకొనుట మంచిది. కుడియెడమల కఫ్ఫులు ఒకదానికొకటి అద్దమునందువలె ఎదురుగా రావలయునని మరువరాదు.

మన పొరుగున ధారవాడ ప్రాంతపు కసూతి పనిని ఎరిగినవారికి ఇది సులభము. అందలి గవంతి కుట్టు ఇదియే. అచ్చటను ముడి యుండదు, రెండువైపుల ఒకే రూపు వచ్చును. దేశములు వేరైనను పోగు లెక్కించు సూది ఒకే త్రోవను గనుగొనినది.

నాటకపు కాలమునుబట్టి నమూనాను ఎన్నుకొనుడు. హెన్రీ కాలమునకు గళ్లును, కోణములును తగును. ఎలిజబెత్ రాణి 1558 మొదలు 1603 వరకు ఏలిన కాలమున తీగలు, పువ్వులు, ఆకులు మెలికలు తిరుగుచు వచ్చి, వాని లోపల చిన్న గళ్లపని నిండినది.

"మూడవ వరుసలోని వారికైనను కనబడని దానికి ఇంత శ్రమ యేల? నల్లసిరాతో గీసిన చాలదా?" యని కొందరు పెద్దలు మమ్మడిగిరి. ఒక్క సాయంకాలపు ప్రదర్శనమునకు సిరాయే చాలునని మేమును ఒప్పుకొందుము. కాని మాతో కూర్చుండి కుట్టిన బాలికలిరువురు, మునుపు లెక్కలన్న వెరచువారు, నేడు పోగులు తప్పక లెక్కించుచు తమ నమూనాలను తామే గీసికొనుచున్నారు. సిరాతో గీసియుండినచో ఈ నేర్పు వారి చేతికి రాకపోయెడిది.

ఆ కాలపు నల్లరంగును ఇనుపలవణముతోను, సింధూరవృక్షపు కాయలవంటి బుడిపెల కషాయముతోను అద్దెడివారు. ఆ యినుము కాలక్రమమున పట్టును తినివేయును. అందుచే నాటి వస్త్రములు కొన్నింటిపై దారము రాలిపోయి, సూదిరంధ్రములు మాత్రమే మిగిలియున్నవి. ఆ రంధ్రములను జూచి పూర్వపు నమూనాను పోల్చుకొందురు.

లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందు జేన్ బోస్టాక్ అను ఆమె కుట్టిన నమూనాబట్ట కలదు. దానిపై ఆమె తన పేరును 1598 అను సంవత్సరమును కుట్టుకొన్నది. ఆ దేశమున సంవత్సరము గల నమూనాబట్టలలో మనకు దెలిసినంతలో అదియే మొదటిది. అందుచేతనే ఆమె పేరు మనకు దెలిసినది.

కనుక సోదరీమణులారా, మీరేది కుట్టినను లోమడతయందు పేరును సంవత్సరమును కుట్టుడు. తెలుగక్షరములు గుండ్రనివగుటచే పోగుల లెక్కకు లొంగవు. వానిని పెన్సిలుతో తేలికగా వ్రాసి, గీత వెంబడి చిన్నచిన్న కుట్లు వేసిన చక్కగా వచ్చును.