చౌడు నేలకు వానపాము వైద్యం

మెట్ట నేల చెడిపోవడం ఒక్కనాటితో జరిగేది కాదు. పశువుల ఎరువు తగ్గి, కోత తర్వాత చేలో ఆకూ అలమూ మిగలక, బోసి నేలపై వానచినుకులు నేరుగా పడుతుంటే పైపొర అట్టగడుతుంది. ఆపై కురిసిన వాన ఇంకకుండా వాలు వెంట పారిపోతుంది. పలమనేరు, పుంగనూరు ప్రాంతాల వేరుశనగ రైతులకు ఇది తెలిసిన బాధే. ఆ అట్టను విప్పడానికి నాగలి ఒక్కటే సాధనం కాదనీ, మట్టిలోని జీవులు ఆ పని నిరంతరం చేయగలవనీ దశాబ్దాలుగా చెబుతూ వచ్చినవారు చెన్నై న్యూ కాలేజీలో ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్.

వానపాములన్నీ ఒకే పని చేయవు. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ పైనున్న చెత్తలోనే బతుకుతుంది. లాంపిటో మారిషి చెత్తను తింటూనే మట్టిలోకి బొరియలు తవ్వుతుంది. ఈ రెండూ మన ప్రాంతంలో దొరికేవే. ఇస్మాయిల్ వీటినే కలిపి వాడారు. ఎరువుల తొట్లకోసం ఎక్కువగా అమ్ముడుపోయే ఆఫ్రికా జాతి యూడ్రిలస్ యూజీనియే చెత్తను త్వరగా ఎరువుగా మారుస్తుంది గాని, పొలంలో బొరియలు తవ్వే పని దానిది కాదు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేది రైతే.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష చౌడు నేల. అక్కడ సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి రంధ్రాలను పూడ్చివేస్తుంది. నీరు నిలుస్తుంది, వేరు ఊపిరాడక చస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో లక్నో సమీపాన శివ్రీలోని అటువంటి నేలలో ఇస్మాయిల్, అన్సారీ కలిసి వానపాములు, వానపాముల ఎరువు, పచ్చిరొట్ట, ఆకుల కప్పు వాడి చూశారు. నేల గుణం మెరుగుపడింది, కూరగాయల పంటలు పండాయి. అయితే పాములు ఒంటరిగా చేసిన పని కాదది. సేంద్రియ పదార్థం తోడుండబట్టే సాధ్యమైంది.

మరీ ఎండు ప్రాంతాలలో ఈ బాధ్యత చెదలది. పశ్చిమాఫ్రికాలోని బుర్కినాఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు పాతకాలపు 'జాయ్' గుంతలను మెరుగుపరిచారు. ఎండాకాలంలో జానెడు లోతు గుంతలు తీసి పేడ, చెత్త వేస్తే చెదలు చేరి నేలను తొలుస్తాయి. తొలకరి నీరు ఆ దారుల వెంట దిగుతుంది. ఆయనకు 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది, 2023లో కన్నుమూశారు. మన వేరుశనగ చేలలో చెద శత్రువే, కాదనలేము. కాని తినడానికి ఎండు చెత్త లేనప్పుడే అది పైరు మీదికి ఎక్కువగా వస్తుంది.

కనుక వరుస తప్పరాదు. బోసి నేలలో కొని తెచ్చిన వానపాములను వదిలితే రెండు రోజులు బతకవు. ముందు గట్టు వేసి నీటిని ఆపాలి, ఆకులతో నేలను కప్పాలి, పేడ వేయాలి. తేమ నిలిస్తే లోతున ముడుచుకుని నిద్రిస్తున్న స్థానిక వానపాములు చాలాచోట్ల వాటంతటవే పైకి వస్తాయి. వాన వెలిసిన మరునాటి ఉదయం నేలపై చిన్న చిన్న మట్టి ఉండలు కనిపిస్తే, కొనవలసిన అవసరమే లేదు.