మధుమేహం – మూత్రపిండాల రక్షణ

మూత్రపిండ వ్యాధి అనగానే పత్రికలు చదివే వారందరికీ శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం గుర్తుకు వస్తుంది. కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ ఉన్న ఆ పల్లెలలో ఎన్నో కుటుంబాలు ఈ వ్యాధికి బలియైనవి. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం వెలసింది. అయినప్పటికీ అక్కడి వ్యాధికి మూలకారణం ఇదియని నిశ్చయంగా తేలలేదు. కాని దేశమంతటా మూత్రపిండాలను హరిస్తున్న ప్రధాన వ్యాధికి కారణం అజ్ఞాతమైనది కాదు. అది మధుమేహం, దానికి తోడు రక్తపోటు. కారణం తెలియని చోట మనిషి నిస్సహాయుడు. తెలిసియుండి ఉపేక్షించే చోట మాత్రం అతడే బాధ్యుడు. మేము వైద్యులము కాము, తెలుగు బోధించేవారము. అయినా వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయాలను మన భాషలో విద్యార్థుల ముందుంచడం మా విధిగా భావిస్తున్నాము.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహ పీడితులు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో అత్యధికులది రెండవ రకం మధుమేహం. ఈ రకం వ్యాధి ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురికి కాలక్రమేణ మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉన్నది.

ఇది ఎట్లు జరుగుతుంది? ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలున్నాయి. ప్రతి యంత్రంలోను వెంట్రుక కంటె సన్నని రక్తనాళాల గుత్తి ఒకటి ఉంటుంది. ఈ గుత్తులన్నీ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టగా, అందులో ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వెలువడుతుంది. తక్కినదంతా తిరిగి రక్తంలో చేరుతుంది. రక్తంలో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా ఉన్నచో ఈ నాళాల లోపలి పొర చెడుతుంది, గోడలు మందమవుతాయి, గుత్తిలో ఒత్తిడి పెరుగుతుంది. జల్లెడ కన్నులు సాగినట్లయి, రక్తంలో నిలువవలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతుంది. చివరకు ఆ గుత్తులు గట్టిపడి పనికిరాకుండా పోతాయి. ఈ మార్పులను 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే వైద్యులు తొలిసారి వర్ణించారు. కంటిలోని నాళాలకు, గుండె నాళాలకు కూడ ఇదే మధుమేహం వల్ల హాని కలుగుతుంది. కనుక దీనిని రక్తనాళాల వ్యాధి అనడం కూడ సమంజసమే.

ఇందులో భయంకరమైన విషయం నిశ్శబ్దం. నొప్పి ఉండదు. కాళ్ళ వాపు కనబడేనాటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్ కూడ మూత్రపిండాల శక్తి సగం వరకు తగ్గిన తరువాతనే స్పష్టంగా పెరుగుతుంది. ముందుగా హెచ్చరించేది మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉండటం సాధారణం. అంతకు మించి మరల మరల కనబడినచో అపాయసూచన. రెండవ రకం మధుమేహం బయటపడిన నాటినుండి ఏటా ఈ పరీక్ష చేయించుకోవాలి.

మా బంధువులలో ఒక పెద్దాయన ఉండేవారు. చక్కెర మాత్రలు మూత్రపిండాలను చెడగొడతాయని ఎవరో చెప్పగా ఆయన మాత్రలు మానివేశారు. మోకాళ్ళ నొప్పికి మాత్రం అంగడిలో దొరికిన బిళ్ళలు ఏండ్లతరబడి మింగారు. కడపటి సంవత్సరాలు వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచం మీదనే గడిచినవి. మెట్‌ఫార్మిన్ వంటి మందులు మూత్రపిండాలను చెరచవు. అవి బాగా బలహీనపడినప్పుడు వైద్యుడే ఆ మందును తగ్గిస్తాడు, లేదా ఆపుతాడు. దీనిని చూచి జనులు కార్యాన్ని కారణంగా భ్రమిస్తున్నారు. నిజంగా హాని చేసేవి వైద్యుని అడగకుండ వాడే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ఏమి కలిపారో తెలియని పొడులు, భస్మాలు.

ఆశకు తావున్నది. చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచితే చిన్న రక్తనాళాల నష్టం తగ్గుతుందని 1998లో ఇంగ్లండు దేశపు దీర్ఘకాల పరిశోధన నిరూపించింది. లోసార్టాన్ వంటి రక్తపోటు మందులు మూత్రపిండాల క్షీణతను మందగింపజేస్తాయని 2001లో తేలింది. కానాగ్లిఫ్లోజిన్ (2019), డాపాగ్లిఫ్లోజిన్ (2020) అనే మందులు కూడ ఈ మేలు చేస్తున్నాయని ఋజువైనది. వీటికి తోడు పొగాకు మానడం, ఉప్పు తగ్గించడం, నిత్యం నడవడం అవసరం.

రంజాన్ మాసం గూర్చి ఒక మాట. మూత్రపిండాలు దెబ్బతిన్న మధుమేహ రోగికి పగలంతా నీరు లేకుండా ఉండటం, మందుల వేళలు మారడం అపాయకరం కావచ్చు. రోగికి, ప్రయాణికునికి ఉపవాసాన్ని వేరు దినాలలో తీర్చుకునే వెసులుబాటును దివ్య ఖురానే ప్రసాదించింది. కనుక నెల రాకముందే వైద్యుని, మతపెద్దలను సంప్రదించడం భక్తికి లోటు కాదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నలను, తాతలను, నానీ దాదీలను ఒక ప్రశ్న అడగండి: "ఈ ఏడు మూత్ర పరీక్ష చేయించుకున్నారా?" లేదని చెప్పినచో చేయి పట్టుకొని తీసుకొని వెళ్ళండి. ఉద్దానం ప్రజలకు దక్కని జ్ఞానం మనకు దక్కింది. దానిని పుస్తకాలకే పరిమితం చేయడం న్యాయం కాదు.